తాడోబా సఫారీ అంటూ విజయవాడలో డబ్బు కట్టించుకుంటున్న మనిషితో జాగ్రత్త

విజయవాడ, గుంటూరు వాళ్లు ఎవరైనా మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వుకి వెళ్లే ఆలోచనలో ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నిన్న తెల్లవారుజామునే రైలు దిగాం. కోపం ఇంకా తగ్గలేదు. చెప్పడంలో ముందువెనకలు అయితే ఏమీ అనుకోకండి.

కంప్లయింట్ ఇచ్చాను కాబట్టి మనిషి పేరు ఇక్కడ రాయడం లేదు. బెంజ్ సర్కిల్ వైపు ఆఫీసు ఉందని చెప్పి, వాట్సాప్ గ్రూపుల్లో పులి ఫొటోలతో ప్యాకేజీలు పెడుతుంటాడు. "పులి కనిపించకపోతే సగం డబ్బు వాపస్" అనే పోస్టర్ చూసే ఉంటారు, ఆ మనిషే. రైలు టికెట్లు, మొహర్లీ గేటు దగ్గర రిసార్టు, కోర్‌లో (రిజర్వు లోపలి అడవి, దాని చుట్టూ ఉండేది బఫర్) రెండు సఫారీలు కలిపి మనిషికి 16,500 అన్నాడు. అమ్మ, నాన్న, మావారు, నేను. మొత్తం 66,000 ముందే కట్టించుకున్నాడు.

ఈ ప్రయాణం నాన్న కోసం. ఆయనకి 74 ఏళ్లు. మాచర్ల అవతల ఉద్యోగం చేసిన రోజుల్లో రాత్రిళ్లు పులి గాండ్రింపు విన్నారు కానీ ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు మన పక్కనే నల్లమలలో ఉంది, కానీ ఆ దట్టమైన అడవిలో పులి కనపడటం చాలా అరుదు. చంద్రపూర్ జిల్లాలోని తాడోబాలో ఆ అవకాశం బాగా ఎక్కువ. పైగా మనకి ఢిల్లీ లైన్లోనే రైలు, బల్హార్షాలోనో చంద్రపూర్‌లోనో దిగితే సరిపోతుంది. అందుకని తాడోబా అనుకున్నాం.

రైలు బాగానే ఉంది, రిసార్టు ఫర్వాలేదు. అసలు సంగతి గేటు దగ్గర.

ఇంకా చీకటిగానే ఉంది, చలి. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, అందరికంటే ముందు తయారై జిప్సీలో కూర్చున్నారు. కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి మావి కవర్లో పెట్టే పనిలో ఉన్నాం. డ్రైవర్ మా పర్మిట్ కాగితం, ఆధార్ కార్డులు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, "మీరే ఒకసారి రండి" అన్నాడు.

కౌంటర్లో ఉన్న ఫారెస్ట్ గార్డు కాగితం మా ముందు పెట్టి, కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. ఆ పర్మిట్ నంబర్ మీద ఐదుగురు వేరే మనుషుల పేర్లున్నాయి, తేదీ కూడా వేరే. అప్పుడు టార్చి వేసి కాగితాన్ని సరిగ్గా చూశాను. పైన ముద్ర, కింద నిబంధనలు అన్నీ మామూలుగానే ఉన్నాయి. మా నాలుగు పేర్లు మాత్రం మిగతా అక్షరాల కంటే కాస్త లావుగా, గీత మీద నుంచి పక్కకి జరిగి ఉన్నాయి. నాన్న ఇంటిపేరు గడి దాటి పక్క గడిలోకి వెళ్లిపోయింది. ఎవరిదో పాత పర్మిట్ తీసుకుని పేర్లు మార్చి మాకు పంపాడు.

మేం అక్కడ నిలబడి ఉండగానే గుంటూరు నుంచి వచ్చిన ఇంకో కుటుంబం కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు, స్వెట్టర్లలో నిద్రకళ్లతో ఉన్నారు. వాళ్ల కాగితం మీద నంబర్, మా కాగితం మీద నంబర్ ఒకటే. వాళ్లకి అమ్మింది కూడా ఇతనే.

గార్డుని ఒక్క మాట అనడానికి లేదు. ఒక్కో గేటులో పూటకి ఇన్ని బండ్లే అని లెక్క ఉంటుంది, ప్రతి మనిషి పేరు, గుర్తింపు కార్డు నంబరు పర్మిట్ మీద ఉండాలి. పేరు లేని మనిషిని లోపలికి పంపితే ఆయన ఉద్యోగానికే ముప్పు. పాపం, నాన్నకి కుర్చీ వేసి టీ తెప్పించాడు.

ఆ మనిషికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. అందరూ వినాలని స్పీకర్ ఆన్ చేశాను. ముందు సర్వర్ ప్రాబ్లమ్ అన్నాడు. తర్వాత గార్డుకి ఎంతో కొంత ఇచ్చి మాట్లాడుకోమన్నాడు. నంబరే మాది కాదంటున్నారండీ, అదే నంబర్ ఇంకొకరికి కూడా ఇచ్చారు కదా అని నేను గట్టిగా అడిగేసరికి గొంతు మారింది.

"అంత దూరం ఎలాగూ వెళ్లారు, బఫర్‌లో ఓ రౌండ్ తిరిగొచ్చేయండి మేడమ్. పెద్దాయనకి కోర్ అయితే ఏంటి, బఫర్ అయితే ఏంటి? ఆ వయసులో ఆయనకి తేడా తెలుస్తుందా?"

నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు. చెయ్యి చాపి ఫోన్ ఇమ్మన్నారు. "బాబూ, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ దొంగ కాగితం మీద నా పేరు ఎవరు రాశారు?" అని అడిగారు. కాల్ కట్ చేశాడు. అప్పటి నుంచి ఫోన్ స్విచాఫ్.

66,000 పోయినందుకు ఎంత బాధో, ఆ మాటకి అంతకు పదింతలు మండుతోంది. మిగతా జిప్సీలు ఒక్కొక్కటే లైట్లు వేసుకుని లోపలికి వెళ్తుంటే నాన్న ఆ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయారు. అమ్మ వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం మేమే అడిగి తెలుసుకుని, అగర్జరీ బఫర్ గేటులో ఖాళీ ఉంటే డబ్బు కట్టి వెళ్లాం. బఫర్‌ని తక్కువ చేసి మాట్లాడటం లేదు, అక్కడా పులులు తిరుగుతాయి. కానీ కోర్ డబ్బు తీసుకుని ఆ మాట అనడం వేరు. గైడ్ ఆ చుట్టుపక్కల ఊరి అమ్మాయి. ఒకచోట బండి ఆపించి మట్టిదారి మీద అడుగు చూపించింది. నాలుగు వేళ్లు, వెనక వెడల్పాటి మెత్త. గోళ్ల గుర్తు లేదు. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి, పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. ఆ అడుగు ముందు వెళ్లిన బండి టైరు గీతల మీద పడి ఉంది. అంటే బండి పోయాకే పులి ఆ దారి దాటిందన్నమాట.

కాసేపటికి వెదురు పొదల్లోంచి ఒక అరుపు. గైడ్ నోరు తెరవకముందే నాన్న "కణుజు అరిచింది, పులి కదులుతోంది" అన్నారు. కణుజు అంటే సాంబర్ జింక, పులి జాడ తెలిస్తే అలా అరుస్తుంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఆశ్చర్యంగా చూసింది. ఇంజన్ ఆపి చాలాసేపు ఎదురుచూశాం. పులి బయటికి రాలేదు. అడవి దున్నల మంద ఒకటి దారి దాటింది, కాళ్లకి మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడిగినట్టు ఉన్నాయి. నాన్నకి తేడా తెలియదట. ఆ మనిషికి అడవి గురించి ఒక్క ముక్క తెలిస్తే ఆ మాట అనడు.

వెళ్లాలనుకునే వాళ్లకి నాకు తెలిసినంతలో చెప్తున్నాను. తాడోబా సొంత బుకింగ్ సైట్ ఉంది, పేరు, ఐడీ నంబర్ ఇచ్చి ఎవరికి వారే చేసుకోవచ్చు. ఏజెంటు ద్వారానే వెళ్తే, బ్యాలెన్స్ కట్టే ముందు పర్మిట్ తెప్పించుకుని మీ పేర్లు, ఐడీ నంబర్లు, గేటు పేరు, కోరా బఫరా అన్నది అక్షరం అక్షరం చూడండి, రిసార్టు వాళ్లకి ఆ నంబర్ పంపి సరిచూడమనండి. కోర్‌కి మంగళవారం సెలవు, వానాకాలంలో జులై నుంచి సెప్టెంబర్ దాకా మూసేస్తారు. ఆ రోజుల్లో కోర్ సఫారీ అని ఎవరైనా అమ్మితే అది అబద్ధమే. పులిని చూపిస్తానని గ్యారంటీ ఇచ్చేవాడిని అసలు నమ్మకండి, అడవిలో అది ఎవరి చేతిలోనూ లేదు.

డబ్బు ఆన్‌లైన్లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వినియోగదారుల కమిషన్లో కేసు వేయొచ్చు, చంద్రపూర్ దాకా తిరగక్కర్లేదు. నేనూ గుంటూరు వాళ్లూ కలిసి వేస్తున్నాం.

అతను ఇప్పుడు సంక్రాంతి సెలవులకి కొత్త పోస్టర్ వదిలాడు, ఫొటోలు అవే, ఫోన్ నంబర్ మాత్రం కొత్తది. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఉంటే ఇవాళే పర్మిట్ కాపీ అడగండి. ఇవ్వడానికి నాన్చితే నాకు మెసేజ్ పెట్టండి, మా రెండు కాగితాల ఫొటోలు పంపిస్తాను, పక్కన పెట్టి చూసుకోవచ్చు.