చలికాలంలో స్టోనీ కోవ్: 5 డిగ్రీల నీళ్లలో దిగాలంటే

రుషికొండలోనో, అండమాన్‌లోనో డైవింగ్ నేర్చుకుని ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లకి త్వరగా వినపడే పేర్లలో స్టోనీ కోవ్ ఒకటి. లెస్టర్‌షైర్‌లో స్టోనీ స్టాంటన్ ఊరి పక్కన, ఎం69 మోటార్‌వేకి దగ్గర్లో ఉంటుంది. ఒకప్పుడు గ్రానైట్ క్వారీ. 1958లో రాయి తియ్యడం ఆపేశారు, ఊట నీళ్లు తోడే పంపులు ఆగాయి, గుంట నిండిపోయింది. ఆ తర్వాత ఉత్తర సముద్రం చమురు బావుల్లో పనిచేసే డైవర్లకి ఇక్కడే శిక్షణ ఇచ్చేవారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారం మధ్యలో వెళ్తే, డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాని డైవింగ్ సూట్) వాడటం బాగా వచ్చి ఉంటే, చన్నీళ్లకి తగిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలి ఒత్తిడిని పీల్చుకోగలిగేంతకి తగ్గించే పరికరం) ఉంటే, ఇక్కడ 20 మీటర్ల లోతులోని రాతి అరుగు మీద డైవ్ చాలా బాగుంటుంది. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఎండాకాలం దాకా ఆగండి. అట్టడుగున 35 మీటర్ల గొయ్యి కోసం మాత్రం ఒంటి సిలిండర్‌తో ఏ కాలంలోనూ వెళ్లకండి. ఎందుకో లెక్కతో సహా కింద చెప్తాం.

రాయి కోసినప్పటి మెట్లు నీళ్ల కింద అలాగే ఉన్నాయి. మొదటి అరుగు 6–7 మీటర్లు, రెండోది 20–22, ఆ కింద గొయ్యి. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మొదటి అరుగు మీదే మోకాళ్లూని కూర్చుంటారు కాబట్టి శనివారం పదింటికల్లా అక్కడ నీళ్లు పాలు కలిపిన టీలా అయిపోతాయి. చలికాలంలో నాచు చచ్చిపోయి నీళ్లు తేటపడతాయన్నది నిజమే. కానీ ఆ తేటదనం బురద రేగనంతవరకే. అందుకే వారం మధ్యలో, గేటు తెరవగానే దిగినవాళ్లకి కనిపించే క్వారీ వేరు, శనివారం మధ్యాహ్నం దిగినవాళ్లకి కనిపించేది వేరు.

నీళ్ల చలి గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. ఎండాకాలంలో పైపొర వెచ్చగా, కింద చల్లగా ఉంటుంది. పైకి వచ్చి, నీళ్లపైకి తేలేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ చేసేటప్పటికి ఒంటికి కాస్త హాయి. శరదృతువు చివర్లో పైనీళ్లు చల్లబడి, బరువెక్కి దిగిపోయి మొత్తం కలిసిపోతాయి. మంచినీళ్లకి అన్నిటికన్నా ఎక్కువ బరువు 4 డిగ్రీల దగ్గర, కాబట్టి అడుగు అంతకంటే చల్లబడదు. కానీ జనవరి వచ్చేసరికి పైనుంచి కిందిదాకా 4–6 డిగ్రీలే. చివరి మూడు నిమిషాల స్టాప్ కూడా ఆ చలిలోనే. డైవ్ మొత్తం వెచ్చగా ఉండి చివర్లో వణికితే డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టడం) ముప్పు పెరుగుతుంది. కాబట్టి వణుకు మొదలయ్యాక కాదు, మొదలవకముందే పైకి బయల్దేరాలి. 25 నుంచి 30 నిమిషాల డైవ్ చాలు.

రెండో అరుగు మీద స్టేన్‌గార్త్ అనే పాత టగ్ బోటు ఉంది. 1910లో కట్టిన బోటు, 2000లో డైవర్ల కోసమే ఇక్కడ ముంచారు. చుట్టూ తిరగడానికి పది నిమిషాలు చాలు, కానీ తిరిగే తీరు ముఖ్యం. డెక్ మీద పేరుకున్న మడ్డి మైదాపిండి కంటే మెత్తన. ఫిన్‌ని పైకీ కిందకీ కొట్టారంటే అది మబ్బులా లేస్తుంది, మీ వెనక వచ్చే జంటకి ఇక ఏమీ కనిపించదు. మోకాళ్లు మడిచి, కప్ప ఈదినట్టు ఫిన్లు పక్కకి తొయ్యాలి. టార్చ్ నేరుగా ముందుకి కాకుండా కాస్త పక్కకి పట్టుకోండి, తేలే నలకలు కంట్లోకి మెరవవు. అదృష్టం బాగుంటే బోటు నీడలో పైక్ చేప కనిపిస్తుంది. మూతి బాతు ముక్కులా చదునుగా ఉంటుంది. చలికి అది కదలదు, రెక్కల అంచులు మాత్రం సన్నగా ఆడిస్తూ అలా నిలబడే ఉంటుంది. టార్చ్ ముఖం మీద వెయ్యకుండా పక్కన ఆగితే ఒంటి మీది పసుపు చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

ఇక అసలు విషయం, రెగ్యులేటర్. ఇక్కడ చలికాలంలో డైవ్ చెడిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడిలో (బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) ఉన్న గాలి, సిలిండర్‌కి బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్‌లో ఒక్కసారిగా పది బార్ల చిల్లరకి పడిపోతుంది. అలా వ్యాకోచించిన గాలి గడ్డకట్టే చలికంటే ఎంతో కిందికి చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు 5 డిగ్రీలే కాబట్టి ఆ లోహాన్ని వెచ్చబెట్టలేవు. పైగా సముద్రపు నీరు మైనస్ 1.9 దాకా గడ్డకట్టదు, మంచినీరు సున్నాకే కడుతుంది. స్ప్రింగ్ చుట్టూ నీళ్లు చేరే పాతరకం పిస్టన్ ఫస్ట్ స్టేజ్ అయితే మంచు పేరుకుని వాల్వ్ తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది. గాలి ఆగకుండా తన్నుకొస్తుంది, అదే ఫ్రీఫ్లో. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్‌లో కూడా మనం వదిలిన ఊపిరిలోని తేమ లివర్ మీద గడ్డకట్టి ఇదే పని చేస్తుంది.

కొనేటప్పుడు నీళ్లు లోపలికి రాకుండా సీల్ చేసిన డయాఫ్రం రకం చూసుకోండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ముద్ర పక్కన 10 డిగ్రీలకి పైన మాత్రమే అన్న గుర్తుంటే అది ఇక్కడికి పనికిరాదు. గోవాలోనో, నేత్రాణిలోనో ఏళ్లతరబడి బాగా పనిచేసింది కదా అని తెచ్చుకోవద్దు, 28 డిగ్రీల నీళ్లలో దానికి ఈ పరీక్షే ఎదురుకాలేదు.

మంచి రెగ్యులేటర్‌ని కూడా చేజేతులా గడ్డకట్టించవచ్చు. ఎక్కువమంది చేసే తప్పు ఒడ్డున, సున్నా డిగ్రీల గాలిలో నోట్లో పెట్టుకుని పదిసార్లు పీల్చి చూడటం. తేమ అంతా లోపల మంచవుతుంది. చెక్ చేసేది కారులోనో గదిలోనో చేసుకోండి, దిగే ముందు మూతి నీళ్లలో ముంచాకే పీల్చడం మొదలుపెట్టండి. గాలిని బలవంతంగా వదిలించే పర్జ్ బటన్ నొక్కొద్దు. రెండో తప్పు, ఒకేసారి రెండు చోట్ల గాలి వాడటం: ఊపిరి పీలుస్తూనే డ్రైసూట్‌లోకి గాలి నింపడం. ఊపిరి వదిలేటప్పుడు, చిన్నచిన్న నొక్కుళ్లతో నింపాలి. బటన్ అదిమిపట్టి ఉంచితే సూట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ కూడా గడ్డకట్టి సూట్ తనంతట తానే ఉబ్బుతుంది, మనిషి కాళ్లు పైకి పెట్టి బంతిలా లేస్తాడు. ఇన్‌ఫ్లేటర్‌కి గాలి తెచ్చే హోస్‌ని గ్లౌజులతోనే ఊడదీయడం ఆరు మీటర్ల దగ్గర పదిసార్లు సాధన చెయ్యండి.

ఫ్రీఫ్లో మొదలైతే ముందు సన్నని బుస్సు, ఆ వెంటనే ముఖం నిండా బుడగలు. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి విసిరెయ్యకండి. పెదాలు వదులు చేసి, పొంగే గాలిలోంచి కొంచెం కొంచెం తాగినట్టు పీల్చుతూ, బడ్డీకి (జతగా దిగిన డైవర్‌కి) సైగ చేసి రెండో గాలికి మారాలి. ఆ రెండో గాలి అదే ఫస్ట్ స్టేజ్‌కి తగిలించిన ఆక్టోపస్ (అదనపు సెకండ్ స్టేజ్) అయితే ఉపయోగం లేదు, రెండూ కలిసే గడ్డకడతాయి. అందుకని 3 లీటర్ల పోనీ సిలిండర్ (విడిగా తగిలించుకునే చిన్న సిలిండర్) గానీ, రెండు ఫస్ట్ స్టేజ్‌లు విడివిడిగా బిగించే హెచ్ వాల్వ్ గానీ ఉండాలి. హెచ్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. పొంగుతున్న వైపు కట్టేసి కొన్ని నిమిషాలు వదిలేస్తే ఆ 5 డిగ్రీల నీళ్లే మంచుని కరిగిస్తాయి. అయినా డైవ్ అక్కడితో అయిపోయినట్టే.

ఇప్పుడు ఆ 35 మీటర్ల లెక్క. ఒకరి గాలి పోయి, కంగారులో ఇద్దరు మనుషులు ఒకే సిలిండర్ పంచుకుని చెరో 30 లీటర్ల చొప్పున నిమిషానికి 60 లీటర్లు వాడతారనుకుందాం. 20 మీటర్ల దగ్గర ఒత్తిడి 3 బార్లు. సర్దుకోవడానికి ఒక నిమిషం 180 లీటర్లు, పైకి రావడానికి సుమారు 260, మూడు నిమిషాల స్టాప్‌కి 270. అంటే 700 పైచిలుకు, 12 లీటర్ల సిలిండర్‌లో 60 బార్లు. ఇది చేతిలో ఉంచుకోగలిగిన నిల్వ. అదే 35 దగ్గర సర్దుకోవడానికి రెండు నిమిషాలిచ్చినా 540, ఎక్కడానికి 600, స్టాప్‌కి 270. మొత్తం 1,400 దాటింది, అంటే దాదాపు 120 బార్లు. 232 బార్లతో దిగినవాడు సగం వాడకముందే తిరగాలి. అంత చేసి అక్కడ చూసేది చీకటి, మడ్డి. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి) నింపుకున్నవాళ్లకైతే ఆక్సిజన్ ఒత్తిడికి పెట్టుకున్న 1.4 బార్ల పరిమితి 33 మీటర్ల చిల్లరకే అయిపోతుంది. అదే నైట్రాక్స్ 20 మీటర్ల అరుగుకి చక్కగా సరిపోతుంది.

బట్టల విషయం త్వరగా. డ్రైసూట్ లోపల ఉన్ని బేస్ లేయర్, దాని మీద మందపాటి అండర్‌సూట్. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుంటుంది. తలకి 7 మిల్లీమీటర్ల హుడ్. చేతికి 5 మిల్లీమీటర్ల తడి గ్లౌజులతో 20 నిమిషాలకి వేళ్లు మొద్దుబారతాయి. డ్రై గ్లౌజులు వేసుకుంటే మణికట్టు సీల్ కింద చిన్న గొట్టం పెట్టండి, లేకపోతే సూట్‌లోని గాలి చేతిదాకా రాక గ్లౌజు లోతులో పిండేసినట్టు అతుక్కుపోతుంది. సముద్రంలో పెట్టుకునే బరువులోంచి 2–3 కిలోలు తీసెయ్యండి, మంచినీళ్లు మనిషిని అంత లేపవు. టార్చ్ పూర్తిగా ఛార్జ్ చెయ్యండి, చలికి బ్యాటరీ ముందే చేతులెత్తేస్తుంది.

సౌకర్యాలకి మంచి మార్కులే వెయ్యాలి. గాలి నింపడం, డైవ్ షాపు, వేడి తిండి దొరికే పబ్బు అన్నీ నీళ్లకి నాలుగడుగుల్లోనే. సర్టిఫికేషన్ కార్డు జేబులో ఉంచుకోండి. కరీంనగర్ వైపు గ్రానైట్ గుంతలు చూడటానికి ఇలాగే ఉంటాయి గానీ వాటిలో అరుగులెక్కడున్నాయో, ఇనుప తాళ్లెక్కడున్నాయో తెలిసినవాడు ఉండడు, తీసేవాడూ ఉండడు. సొంత సామాను ఉంది కదా అని సెలవులకి ఊరెళ్లినప్పుడు అక్కడ దిగొద్దు.

రెండు డైవ్‌ల మధ్య రెగ్యులేటర్‌లోని నీళ్లు దులిపి కారులో పెట్టండి, బయట వదిలితే లోపలే గడ్డకడుతుంది. డైవ్ అవగానే వేడినీళ్ల షవర్ కిందికి వెళ్లకండి. పొడి టోపీ పెట్టుకుని, టీ తాగుతూ నెమ్మదిగా వేడెక్కండి. మళ్లీ దిగే ముందు గ్లౌజు వేసుకున్న ఒక్క చేత్తో టార్చ్ కొక్కెం తీసి తిరిగి తగిలించి చూడండి. మూడు ప్రయత్నాల్లో తగలకపోతే ఆ వేళ్లు నీళ్లలో వాల్వ్ కట్టలేవు. సామాను సర్దేసుకోండి.