రొమ్ము గడ్డకు అల్ట్రాసౌండా, ఎమ్మారైయా? పదమూడేళ్లు రెండూ వాడాక

రేడియాలజిస్టుగా ఈ రెండు మెషిన్లతో 13 ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. "సూది గుచ్చి ముక్క తీయడాలు ఎందుకు డాక్టర్‌గారూ, ఎమ్మారై తీసేయండి, అందులో అన్నీ తెలుస్తాయట కదా" అనేవాళ్లు వారానికొకరైనా వస్తారు. ఈ సమీక్ష వాళ్ల కోసమే.

చేతికి గడ్డ తగిలిందని వచ్చినవాళ్లకు నేను ముందు పెట్టేది అల్ట్రాసౌండే. ఎక్కడుందో వేలితో చూపించమంటాను. ఆ వేలు తీసిన చోటే ప్రోబ్ ఆనిస్తాను. ఈ వెసులుబాటు ఎమ్మారైకి లేదు. 12 మెగాహెర్ట్జ్ దాటిన ప్రోబ్‌తో చూసినప్పుడు నున్నటి పల్చటి గోడ, లోపల చిక్కటి నలుపు, వెనకాల తెల్లటి పట్టీ కనిపిస్తే అది నీటి గడ్డ. ఆ మాట అక్కడే చెప్పి ఇంటికి పంపేస్తాను. గట్టి గడ్డయితే పడుకుని ఉందా, నిలబడి ఉందా అని చూస్తాను. నున్నటి అంచులతో చర్మానికి సమాంతరంగా పడుకున్నవి చాలావరకు ఫైబ్రోఅడినోమాలే, అంటే క్యాన్సర్ కాని గడ్డలే. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువై, అంచులు ముళ్లుముళ్లుగా ఉండి, వెనక నీడ పడుతుంటే మాత్రం క్యాన్సరేమోనన్న అనుమానంతో నా మాటలు తగ్గిపోతాయి. పేషెంటు అప్పటికే స్క్రీన్ వదిలేసి నా మొహం చూస్తుంటుంది.

దీని లోపం మెషిన్లో కంటే చేతిలో ఎక్కువ. మొదట్లో నేనూ దెబ్బతిన్నాను. గుండ్రంగా, నల్లగా, వెనక తెల్లటి పట్టీతో కనిపించినదాన్ని చిక్కటి నీటి గడ్డ అనుకుని, ఆరు నెలల తర్వాత రమ్మని రాశాను. తిరిగొచ్చేసరికి పెరిగింది. బయాప్సీలో (సూదితో తీసిన ముక్క పరీక్షలో) ట్రిపుల్ నెగటివ్ అనే రకం క్యాన్సర్ అని తేలింది. ఇవి కొన్నిసార్లు మంచి గడ్డల్లా నున్నగానే కనిపిస్తాయి. పైగా ఆ రోజు నేను గెయిన్ (తెర మీద బొమ్మ వెలుగు) తక్కువ పెట్టుకున్నాను. గెయిన్ తగ్గితే గట్టి గడ్డ కూడా నీళ్లలా నల్లబడుతుంది. అప్పటినుంచి గెయిన్ పెంచి, డాప్లర్‌లో లోపల రక్తప్రవాహం లేదని చూసుకోనిదే నీటి గడ్డ అని రాయను. సన్నటి సున్నపు చుక్కల విషయంలో అల్ట్రాసౌండ్‌ను నమ్మకండి. అది మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) పని.

ఎమ్మారైలో బోర్లా పడుకోవాలి. రొమ్ములు రెండూ కాయిల్ (సిగ్నల్ అందుకునే పరికరం) గుంతల్లోకి వేలాడతాయి. చేతి నరానికి గాడోలినియం అనే, బొమ్మలో మెరిసే మందు ఎక్కిస్తారు. క్యాన్సర్ గడ్డ తనకోసం కొత్తగా, కారే రక్తనాళాలు పెంచుకుంటుంది కాబట్టి మందు అక్కడికి గబుక్కున చేరి, అంతే గబుక్కున ఖాళీ అవుతుంది. ఆ గ్రాఫ్ చూస్తే చాలాసార్లు సంగతి అర్థమవుతుంది. నెలసరి వచ్చేవాళ్లకు 7 నుంచి 14వ రోజు లోపు తీయించడం మేలు. మిగతా రోజుల్లో మామూలు కణజాలమే మందు పీల్చి మెరుస్తూ మమ్మల్ని తికమక పెడుతుంది.

ఇది తన విలువ చూపించుకున్న కేసు చెబుతాను. అల్ట్రాసౌండ్‌లో నేను 18 మిల్లీమీటర్లు అని కొలిచిన లాబ్యులర్ రకం క్యాన్సర్ ఎమ్మారైలో 5 సెంటీమీటర్లు దాటింది. ఆ కణాలు ముద్ద కట్టకుండా చీమల బారులా పాకుతాయి, నా ప్రోబ్‌కు దొరకలేదు. ఆపరేషన్ ప్లానే మారిపోయింది. బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లకు, చంకలో బిళ్ల బయటపడినా రొమ్ములో మూలం దొరకనివాళ్లకు, కీమో పనిచేస్తోందో లేదో చూడడానికి ఎమ్మారైకి సాటి లేదు.

అలాగని ఆపరేషన్‌కు ముందు అందరికీ తీస్తే లాభమా? బ్రిటన్‌లో 1,623 మంది మీద చేసి 2010లో ప్రచురించిన కోమిస్ ట్రయల్‌లో, ఎమ్మారై తీసినా తీయకపోయినా మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు వైపులా దాదాపు 19 శాతమే. ఫైబ్రోఅడినోమాలూ, పాల నాళాల్లో పెరిగే పాపిలోమాలూ కూడా ఎమ్మారైలో మెరుస్తాయి. మెరిసిన ప్రతిదాన్నీ మళ్లీ అల్ట్రాసౌండ్‌తో వెతకాల్సింది నేనే. బోర్లా ఉన్నప్పుడు ఉన్నచోటు వెల్లకిలా పడుకుంటే సెంటీమీటర్ల కొద్దీ జరిగిపోతుంది. చనుమొన నుంచి ఎంత దూరమో రాయకుండా వచ్చిన రిపోర్టును పట్టుకుని 40 నిమిషాలు వెతికిన రోజులున్నాయి. దొరకనివి ఎమ్మారైలోనే సూది పెట్టి తీయాలి, ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు.

ఇక ఆ గుచ్చడం సంగతి. అల్ట్రాసౌండ్‌లో నేను బైరాడ్స్ 4 (అనుమానాస్పదం అనే గ్రేడు) అని రాశానంటే బయాప్సీ జరగాల్సిందే. ఎమ్మారై బాగుందని దాన్ని మానుకోకూడదు, ఎందుకంటే అక్కడ కూడా తప్పించుకునే క్యాన్సర్లున్నాయి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి 14 గేజ్ సూదితో మూడు నాలుగు ముక్కలు తీస్తాను. సూదిని తోసే స్ప్రింగ్ నుంచి టక్ మని చప్పుడొస్తుంది, అదే ఎక్కువ ఉలిక్కిపడేలా చేస్తుంది. చప్పుడు ఎలా ఉంటుందో ముందే ఒకసారి బయట కొట్టి వినిపించమని అడగండి.