తోలుగుడ్లు పెట్టే ఫారం కోళ్లకు గుల్ల రవ్వ: ఎనిమిది నెలల వాడకం

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో దాణా, తవుడు, చెక్క అమ్మే ఒక పాత కొట్టులో సముద్రపు గుల్లను దంచి జల్లించిన రవ్వ దొరుకుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం కోసం కోళ్లకు పెట్టే దీనిని ఫారాలవారు షెల్ గ్రిట్ అంటారు. గుల్ల రవ్వ అని అడిగినా ఇస్తారు. సంచి మీద కంపెనీ పేరు గాని, లోపల ఏది ఎంత ఉన్నదో తెలిపే చీటీ గాని ఉండదు. కిలో 30 రూపాయలు, 5 కిలోలకు తక్కువ తూచరు. జనవరి చివర నుండి సెప్టెంబరు వరకు కోవూరులో మా ఇంట పన్నెండు కోళ్లను సాకుతూ, గుడ్ల లెక్కను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారంలో పని అయిపోయిన కోళ్లను కోతకు పోనీయకుండా ఇంటికి తెచ్చుకున్నవారికి ఈ వివరాలు ఉపయోగపడవచ్చు.

మా కోళ్లు ఆత్మకూరు దారిలోని ఒక లేయర్ ఫారం నుండి వచ్చినవి. ఫారం కోడి సుమారు 20 వారాల వయసులో గుడ్డుకు వస్తుంది. 72 నుండి 80 వారాలు దాటేసరికి గుడ్ల సంఖ్య తగ్గి, పెంకు పలుచబడి, దాణా ఖర్చు గిట్టుబాటు కాక, షెడ్డు మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసి కోళ్లను మాంసానికి అమ్మివేస్తారు. అలా లారీకి ఎక్కిస్తున్న రోజున తూకానికి కొని తెచ్చిన తెల్లకోళ్లివి. మెడల మీద ఈకలు లేవు, నెత్తి మీది జుట్టు పాలిపోయి ఒక పక్కకు వాలి ఉంది, పై ముక్కు కొన పిల్లగా ఉన్నప్పుడే కత్తిరించి ఉంది. పంజరంలోనే బతికినవి గనుక మొదటి రెండు రోజులు నేల మీద అడుగు వేయడానికే తటపటాయించాయి. ఇక గుడ్లు పెట్టకపోయినా ఫరవాలేదనుకొనే తెచ్చాము, కాని అవి పెట్టడం మానలేదు. చిక్కు అక్కడే వచ్చింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఉదయం గూడు తలుపు తీసేసరికి ఒక కోడి మూలకు చేరి, తోక వాల్చి, ఒళ్లు నిటారుగా పెట్టి, కళ్లు సగం మూసుకొని నిలబడి ఉంది. పావుగంట తరువాత అది కదిలిన చోట వరిపొట్టు మీద తోలుగుడ్డు, అంటే గట్టి పెంకు లేకుండా పలుచని పొరతోనే వచ్చిన గుడ్డు, కనిపించింది. అరచేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా, నీళ్లు నింపిన బుడగలా జారిపోతూ, వేలు ఆనిన చోటల్లా సొట్టపడుతూ ఉంది. ఒక కొన వడిలిన నిమ్మకాయ తొక్కలాగా ముడతలు పడింది. లేత ఎండకు ఎదురుగా పట్టుకుంటే పలుచని పొర లోపల పచ్చసొన ఇటు నుండి అటు దొర్లడం కూడా తెలిసింది. నేను దానిని చూస్తుండగానే మరో మూలలో ఉన్న ఇంకొక తోలుగుడ్డును మూడు కోళ్లు పొడిచి తాగివేశాయి. దానిని తేలికగా తీసుకోకూడదు. తోలుగుడ్డు రుచి మరిగిన కోడి మంచి గుడ్డును కూడా పొడవడం నేర్చుకుంటుంది, ఆ అలవాటును మాన్పించడం పెంకును బాగుచేయడం కన్నా కష్టం. ఆ రెండు వారాలలో వచ్చిన 97 గుడ్లలో 19 తోలుగుడ్లు.

తప్పు మాదే. కోవూరు చుట్టుపక్కల రైసుమిల్లులు ఉన్నందువల్ల నూకలూ తవుడూ చవకగా దొరుకుతాయి. ఊళ్లోని నాటుకోళ్లు వాటితోనే బతుకుతున్నాయి గనుక మేమూ అవే పెట్టాము. నాటుకోడి ఏడాదిలో పెట్టే గుడ్లు కొద్ది, మధ్యలో పొదుగుడు పేరిట విశ్రాంతి కూడా దొరుకుతుంది. ఫారం కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టేలా తయారుచేసిన జాతి. గుడ్డు పెంకు 5, 6 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. అంటే ఒక్కొక్క గుడ్డుతో కోడి ఒంట్లోంచి సుమారు 2 గ్రాముల కాల్షియం బయటికి పోతున్నదన్నమాట. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుండి 4 శాతం ఉంటుంది కాబట్టి, రోజుకు 110 గ్రాములు తినే కోడికి 4 గ్రాముల దాకా అందుతుంది. అందులో సగం ఒంటబట్టినా ఒక పెంకుకు సరిపోతుంది. నూకలలో కాల్షియం లేదనే చెప్పాలి. అవి మాత్రమే తింటున్న కోడి కొన్నాళ్లు తన ఎముకల నుండి తీసి పెంకు కడుతుంది, ఆ నిల్వ కూడా తరిగిన తరువాత తోలుగుడ్డు పెడుతుంది. దీనికి వయసు తోడవుతుంది. వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది గాని పెంకుకు చేరే సున్నం ఆ మేరకు పెరగదు. ఉన్నదే ఎక్కువ మేర పరుచుకోవలసి రావడంతో పెంకు పలుచబడుతుంది.

నేరుగా గుల్ల రవ్వ దగ్గరకు వచ్చామని చెప్పలేను. పొరుగింటి పెద్దమ్మగారు సున్నపుతేట పట్టమన్నారు. పెట్టాము, మార్పు రాలేదు. తరువాత లెక్క వేసుకుంటే కారణం తెలిసింది. సున్నం నీటిలో కరిగేదే బహు కొద్ది. కోడి రోజంతా పావు లీటరు తేట తాగినా అందే కాల్షియం గ్రాములో ఐదోవంతుకు కొంచెం అటూ ఇటూ. పోనీ తడిసున్నమే ముద్దగా పెడదామంటే అది నోటిని, గొంతును పొక్కించే వస్తువు. ఆ తరువాత మందుల షాపులో ద్రవరూపంలోని కాల్షియం సీసా కొన్నాము. దానిని నేను తీసిపారేయను. మార్చిలో ఒక కోడికి గుడ్డు అడ్డుపడి ముక్కుతూ కూర్చున్నప్పుడు, పశువైద్యుడు చెప్పిన మోతాదులో అదే పట్టించి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో ఇరవై నిమిషాలు కూర్చోబెడితే గుడ్డు బయటపడింది. కాని రోజువారీ వాడకానికి అది సరిపోదు. ఒక గుడ్డు తయారవడానికి పట్టే 24 నుండి 26 గంటలలో 18 నుండి 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి, అందులో పెద్ద భాగం కోడి మేత ముట్టకుండా నిద్రపోయే రాత్రివేళ. ఉదయం నీళ్లలో కలిపి పట్టించిన కాల్షియం అప్పటిదాకా నిలవదు. గుల్ల ముక్క అలా కాదు, కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతూ రాత్రంతా అందుతుంది. పలుకుగా ఉన్న రవ్వకూ పొడికీ తేడా ఇదే. మెత్తని సున్నపురాయి పొడి త్వరగా దాటిపోతుంది.

మొదటి సంచి వేరొక కొట్టులో కొన్నాను, ఆ కొట్టు పేరు చెప్పను. చూడడానికి అదీ ఇలాగే తెల్లగా ఉంది, ధర ఐదు రూపాయలు తక్కువ. అనుమానం వచ్చి ఒక చెంచాడు రవ్వను గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోశాను. బుస్సుమని నురగ వచ్చింది. రెండు రోజుల్లో రెండుసార్లు వెనిగర్ మార్చి, నురగ పూర్తిగా ఆగిన తరువాత చూస్తే గ్లాసు అడుగున అరచెంచాకు తక్కువ కాకుండా ఇసుక మిగిలింది. స్టోన్‌హౌస్‌పేట రవ్వకూ ఇదే పరీక్ష పెట్టాను. అడుగున మిగిలింది చిటికెడు మట్టి, గుల్ల లోపలి నుండి ఊడివచ్చిన గోధుమరంగు పొర ఒకటి రెండు తునకలు. ఇసుక వల్ల కోడికి వెంటనే ప్రమాదం లేదు, గింజలు నలగడానికి అదీ పనికివస్తుంది, కాని కాల్షియం ధరకు ఇసుకను కొనడం ఎందుకు? సున్నపురాయి రవ్వ కూడా వెనిగర్‌లో ఇలాగే కరుగుతుంది గనుక ఈ పరీక్షతో గుల్లనూ రాతినీ వేరు చేయలేము; పలుకు మీద గుల్ల గీతలు, ముత్యపు మెరుపు ఉన్నాయో లేదో కంటితోనే చూసుకోవాలి.

స్టోన్‌హౌస్‌పేట కొట్టులో కూర్చునే పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పారు: "దాణాలో కలపబాకండి సార్, గిన్నెలో యేరుగా పెట్టండి. కావాల్సిన కోడి తింటాది, అక్కర్లేంది దాని జోలికే పోదు." ఇది నూటికి నూరుపాళ్లు నిజమని నా నోటు పుస్తకం చెబుతున్నది. గుడ్డు పెడుతున్న కోళ్లు సాయంత్రం నాలుగు దాటిన తరువాత గిన్నె చుట్టూ చేరతాయి, పెట్టనివి దాటుకొని పోతాయి. అన్నిటికీ కలిపి పెడితే గుడ్డు పెట్టని కోడికి, పుంజుకు, ఎదిగే పిల్లలకు అక్కర్లేని కాల్షియం చేరి మూత్రపిండాలు చెడిపోయే ప్రమాదం ఉంది.

ఆయన చెప్పనిది ఒకటి మేమే కనిపెట్టవలసి వచ్చింది. రవ్వలో పలుకులు పెసరబద్దంత నుండి నూకంత వరకు ఉంటాయి. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసి పెడితే ముక్కు కత్తిరించిన కోడి వాటిని తీయలేకపోయింది: కింది ముక్కు ముందుకు పొడుచుకొని ఉండడం వల్ల పలుకు చివరకు తగిలి పళ్లెం అంచుకు జారిపోతుంది, కోడి దాని వెంట వెళ్లి మళ్లీ పొడుస్తుంది, నాలుగైదుసార్లు ప్రయత్నించి విసుగుతో వదిలేస్తుంది. నాలుగు అంగుళాల లోతున్న మట్టి మూకుడులో సగానికి పైగా రవ్వ నింపి పెట్టిన రోజు నుండి అవి ముక్కును అందులో గుచ్చి, గరిటెతో తోడినట్టు తోడుకొని తిన్నాయి. తినడం లేదని రవ్వను తప్పుపట్టేవారు ముందు గిన్నెను మార్చి చూడాలి.

నూకలను మేతలో పదోవంతుకు తగ్గించి, మిగిలినదంతా లేయర్ దాణాగా మార్చి, రవ్వను వేరుగా పెట్టిన తరువాత మూడు వారాలకు గాని తేడా రాలేదు. మార్చిలో 196 గుడ్లకు 12 తోలుగుడ్లు, ఏప్రిల్‌లో 188కి 5. మే నెలలో కథ మళ్లీ మొదటికి వచ్చింది. ఎండ 42 డిగ్రీలు దాటిన రోజులలో కోళ్లు రెక్కలు దూరం పెట్టి నోరు తెరిచి ఎగపోస్తాయి. అలా ఎగపోసినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోయి, పెంకు కట్టడానికి నెత్తురులో ఉండవలసిన బైకార్బొనేటు తగ్గుతుంది. దాణా కూడా సరిగా తినవు. మూకుడులో రవ్వ పోసింది పోసినట్టే ఉండి కూడా ఆ నెలలో 21 తోలుగుడ్లు వచ్చాయి. గూటికి తడి గోనెపట్టాలు కట్టి, దాణాను తెల్లవారకముందే పెట్టి, నీళ్ల కుండలను రోజుకు మూడుసార్లు మార్చిన తరువాత కొంత తగ్గాయి. ఈ ఎండ విషయంలో రవ్వను మెచ్చుకోవడానికీ నిందించడానికీ ఏమీ లేదు.

జులైలో ఎక్కువ కోళ్లు ఈకలు రాల్చి గుడ్లు ఆపాయి. ఆగస్టు చివర మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చిన గుడ్ల పెంకు, ఫారం నుండి వచ్చిన తరువాత మేము చూసిన అన్నిటికన్నా గట్టిగా ఉంది. పెనం అంచుకు కొడితే ఒక్క దెబ్బకు పగలలేదు. దీని ఘనతను రవ్వకు కట్టబెట్టబోయాను గాని పశువైద్యుడు ఒప్పుకోలేదు. ఈకలు రాల్చే కాలంలో గుడ్డు పెట్టకుండా గడిపిన వారాలలో పెంకు కట్టే అవయవానికి విశ్రాంతి దొరకడమే ముఖ్య కారణమని, ఎముకల నిల్వ మళ్లీ నిండడానికి రవ్వ తోడ్పడి ఉంటుందని ఆయన అన్నారు. అంతకుముందు జూన్‌లో ఒక కోడి చనిపోయింది; కోసి చూస్తే కడుపులో పచ్చసొన చెదిరి చీము పట్టి ఉంది. తోలుగుడ్లు మాటిమాటికీ పెట్టే ముసలి ఫారం కోళ్లకు ఇది తరచుగా వచ్చే చావే. మరొక కోడి, కాలికి ఎర్ర దారం కట్టినది, మొదటి వారం నుండి నేటి వరకు ఒక్క గట్టి గుడ్డు పెట్టలేదు. చిన్నతనంలో ఐ.బి. అనే శ్వాసకోశ వైరస్ జబ్బు సోకి గుడ్డు దారి దెబ్బతిన్న కోడికి ఎంత కాల్షియం పెట్టినా పెంకు రాదట. మిగిలిన కోళ్లకన్నా రవ్వ ఎక్కువ తినేది మాత్రం అదే.

తోలుగుడ్డును తినవచ్చునా అని చాలామంది అడిగారు. పెంకు అనే కాపలా లేక సూక్ష్మజీవులు తేలికగా లోపలికి పోతాయి గనుక మేము తినము. కోళ్ల కంటపడకముందే తీసి కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెడుతున్నాము.

రవ్వలో లోపాలు లేకపోలేదు. సంచి అడుగున పిండిలాంటి దుమ్ము పిడికెడు ఉంటుంది, జల్లెడ పట్టి దాణాలో కలుపుకోవాలి లేదా పారేయాలి. ఏప్రిల్‌లో తెచ్చిన సంచి రవ్వను నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది, గుల్లను సరిగా కడగలేదన్నమాట. మంచినీళ్లలో రెండుసార్లు కడిగి ఆరబెట్టుకున్నాను, కొట్టులో చెబితే తరువాతి సంచికి 20 రూపాయలు తగ్గించారు. కుట్టు వదులుగా ఉండడం వల్ల స్కూటరు మీద పెన్నా వంతెన దాటేలోపు కొంత ఒలికిపోతుంది, వెంట మరో సంచి తీసుకుపోవడం మంచిది. పార్సిలు పంపరు. ఆదివారం మధ్యాహ్నం తరువాత కొట్టు మూసి ఉంటుంది. పన్నెండు కోళ్లకు, లేయర్ దాణా కూడా పెడుతుంటే, 5 కిలోలు దాదాపు రెండు నెలలు వచ్చాయి. సన్నపలుకు కావాలని ముందుగా చెబితే రెండో జల్లెడ కింద పడినది వేరుగా కట్టి ఇస్తున్నారు, ముక్కు కత్తిరించిన కోళ్లకు అదే తీసుకోవాలి.