డారెన్ సామీ మైదానం, సెయింట్ లూసియా: టికెట్ కొనే ముందు

2024 కరీబియన్ దీవి సెయింట్ లూసియాకి బాగా కలిసొచ్చింది. జూన్‌లో ఆరు టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌లు, ఆగస్టు 3న పారిస్ ఒలింపిక్స్‌లో ఇక్కడి అమ్మాయి జూలియన్ ఆల్‌ఫ్రెడ్‌కి 100 మీటర్ల పరుగులో స్వర్ణం (10.72 సెకన్లు), అక్టోబర్‌లో సెయింట్ లూసియా కింగ్స్ జట్టుకి తొలి సీపీఎల్ (కరీబియన్ ప్రీమియర్ లీగ్) కప్పు. రెండు లక్షల జనాభా కూడా లేని దేశం! అయితే ఆ పరుగుల రాణి జూలియన్ 14 ఏళ్లకే శిక్షణ కోసం జమైకా వెళ్లిపోవాల్సి వచ్చింది. 2009లో సెయింట్ జూడ్ ఆసుపత్రి కాలిపోయాక, దక్షిణాన వ్యూ ఫోర్ పట్టణంలోని జార్జ్ ఓడ్లం స్టేడియంలోనే రోగుల మంచాలు వేశారు. అందుకే ఇక్కడ పెద్ద ఆట చూడాలంటే ఉత్తరాన గ్రోస్ ఐలెట్‌లోని ఈ క్రికెట్ మైదానమే దిక్కు.

మైదానం మాత్రం బాగుంది. సుమారు 15 వేల మంది పడతారు కాబట్టి ఎక్కడ కూర్చున్నా బంతి కనిపిస్తుంది. ఆ ప్రపంచకప్‌లో భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 10:30కి మొదలైంది, భారత్‌లో అప్పుడు రాత్రి 8. అలాంటి పగటి మ్యాచ్‌కి పచ్చిక గట్టు టికెట్ వద్దు, నీడే ఉండదు. స్టాండ్‌లోనూ కప్పు కిందికి వచ్చే వెనక వరుసలే నయం.

ఇక్కడ గాలిని తక్కువ అంచనా వేయకూడదు. పిచ్‌కి అడ్డంగా వీస్తుంది. గాలివాటుగా కొడితే సిక్స్, ఎదురుకొడితే క్యాచ్. ఆ భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్‌లో రోహిత్ 41 బంతుల్లో 92 కొట్టాడు, స్టార్క్ ఒక్క ఓవర్లోనే 29 ఇచ్చుకున్నాడు. గాలి ఎటు పోతోందో చూసి సీటు ఎంచుకుంటే బంతులు మీ వైపే వస్తాయి. తాడున్న టోపీ తెచ్చుకోండి.

తలనొప్పంతా ప్రయాణంలోనే. అమెరికా విమానాలు ఎక్కువగా దక్షిణాన హెవనోరా విమానాశ్రయంలో దిగుతాయి, మైదానమేమో ఉత్తరపు కొసన. కొండదారిలో గంటన్నర వేసుకోండి. మ్యాచ్ రోజునే దిగుదామనుకుంటే టాస్ పోయినట్టే. ముందు రోజే వచ్చి మైదానం దగ్గర్లోని రాడ్నీ బేలో బస చేయడం మేలు. రాజధాని క్యాస్ట్రీస్ నుంచి 1ఏ మినీబస్సు ఉంది, కానీ ఆ ఉత్తరపు రోడ్డు మామూలు రోజుల్లోనే కిక్కిరిసి ఉంటుంది. కారు అద్దెకి తీసుకునే అమెరికా తెలుగువాళ్లు గుర్తుంచుకోవాలి, ఇక్కడ ఎడమవైపు నడపాలి.

ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈస్ట్ కరీబియన్ డాలర్లు. చిన్న నోట్లే ఉంచుకోండి, చిల్లర స్థానిక డబ్బులోనే వస్తుంది. జూన్ నుంచి నవంబర్ దాకా వానలు. ప్రపంచకప్ లాంటిదేమీ లేకపోతే డిసెంబర్-మే మధ్య మ్యాచ్‌కే టికెట్ తీసుకోండి.