పంచదార పడని గోధుమ బ్రెడ్డు: పర్లాకిమిడిలో ఏణ్ణర్ధం తిన్నాక

ముందే చెప్పేస్తాను. పంచదార, బెల్లం, తేనె, ఏ తీపీ కలపని పూర్తి గోధుమ బ్రెడ్డు ఒడిశాలోని మా పర్లాకిమిడి షాపుల్లో ప్యాకెట్లో నాకు ఈ ఏణ్ణర్ధంలో ఒక్కటి కూడా దొరకలేదు. ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్లి వెతికాను, అక్కడా లేదు. చివరికి దొరికింది మా వీధి చివరి బేకరీలోనే. అయితే అది అరలో పెట్టి అమ్మేది కాదు, అడిగి చేయించుకున్నది.

నాకు 46 ఏళ్లు, బడిలో పంతులమ్మని. కిందటేడు రక్తపరీక్షలో మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడినట్టేనని డాక్టరుగారు చెప్పారు. బరువు 78 కిలోలు. అన్నం తగ్గించడం పెద్ద కష్టం కాలేదు గాని పొద్దుటి తిండి దగ్గరే చిక్కొచ్చింది. ఎండాకాలం వస్తే ఒడిశాలో పొద్దుటి బడులు, ఆరున్నరకల్లా నేను అక్కడ ఉండాలి. "రెండు పుల్కాలు కాల్చుకోవే అమ్మా, బ్రెడ్డెందుకు" అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. ఆవిడ మాట నిజమే, పుల్కా కంటే మంచిది కాదు బ్రెడ్డు. కాని తెల్లారి ఐదింటికి పిండి కలిపి, ఒత్తి, కాల్చే ఓపిక వారానికి ఆరు రోజులు ఉండదు. రెండు ముక్కలు పెనం మీద వేడిచేసి, ఉడికిన గుడ్డుతో తిని పరుగెత్తడమే నాకు కుదిరే పని.

మొదటి రెండు నెలలూ రంగు చూసి మోసపోయాను. గోధుమ రంగులో ఉంటే గోధుమ బ్రెడ్డే అనుకున్నాను. ఒకరోజు ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివాను. మన దేశంలో లేబులు మీద పదార్థాలు బరువు ప్రకారం రాయాలి, ఎక్కువ పడినది ముందు. నేను మురిసిపోతూ తింటున్న దాంట్లో మొదటి పేరు 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్', అంటే మైదా. ఆ తర్వాత పంచదార. ముడి గోధుమపిండి మూడో చోట ఉంది. ఇంకా కిందికి వస్తే 150 అంకె కనిపించింది, అది కారమెల్ రంగు. ఆ బ్రెడ్డుకి గోధుమ వన్నె వచ్చింది పొట్టు వల్ల కాదు, ఆ రంగు వల్ల.

తీపికి ఎన్ని పేర్లున్నాయో అప్పుడే తెలిసింది. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, బెల్లం పొడి, ఖర్జూరం సిరప్. వాడుక మాటే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసి పిల్లలకి ఆ కథ చెబుతాను. మనం తినే వస్తువు మీద మనకి అర్థమయ్యే పేరు ఉండకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. పంచదారని పంచదార అనే రాయాలి.

ఒక మేలు మాత్రం ఉంది. ఇప్పుడు లేబులు మీద మొత్తం చక్కెరలు వేరుగా, కలిపిన చక్కెరలు వేరుగా రాయాలి. పిండిలోని పిండిపదార్థం పులిసేటప్పుడు కొంత చక్కెరగా మారుతుంది కాబట్టి ఏమీ కలపని బ్రెడ్డులోనూ మొత్తం చక్కెర కొంచెం కనిపిస్తుంది, దానికి బెదరక్కర్లేదు. చూడాల్సింది 'యాడెడ్ షుగర్స్' అన్న వరస. నేను చూసిన వాటిలో అది 100 గ్రాములకి 4 నుంచి 7 గ్రాముల దాకా ఉంది. ముక్క 25 గ్రాములనుకుంటే నాలుగు ముక్కలు తిన్నవాళ్లకి ఒక చెంచా పంచదార, ఒక్కోసారి చెంచాన్నరకి పైనే. రోజు మొత్తానికి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఒక చెంచాకి ఇంత గొడవెందుకని మా ఇంట్లోనూ అడిగారు. నా జవాబు ఇది: టీలో చెంచా తీసేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. అంత కష్టపడి మానింది, నాకు తెలియకుండా బ్రెడ్డులో తిరిగి రావడం నాకు ఇష్టం లేదు. పైగా తియ్యటి బ్రెడ్డు రెండు ముక్కలతో ఆగనివ్వదు, మూడో ముక్క మీదకి చెయ్యి పోతుంది.

'షుగర్ ఫ్రీ' అన్న బ్రెడ్డు ఒకటి తెప్పించాను. దాంట్లో 955 అంకె ఉంది, అంటే సుక్రలోజ్. పంచదార లేదు గాని తీపి అలాగే ఉంది. బరువు తగ్గడానికి పంచదారకి బదులు వేసే ఇలాంటి పదార్థాల మీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే సలహా ఇచ్చింది. నాకు కావలసింది తీపి అలవాటే తగ్గడం కాబట్టి ఒక్క ప్యాకెట్టుతో ఆపేశాను.

ఆ తర్వాత నాలుగు నెలలు వైజాగ్ బ్రెడ్డు తిన్నాను. మా చెల్లి అక్కడ ఒక చిన్న బేకరీలో పులిసిన పిండి బ్రెడ్డు కొని, గుణుపురం పాసింజరులో వచ్చే వాళ్లెవరైనా ఉంటే పంపేది. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, అంతే. పై పెచ్చు గట్టిగా, లోపల పుల్లగా ఉండేది. రుచిలో ఈ ఏణ్ణర్ధంలో నేను తిన్న వాటన్నిట్లో అదే ముందు. కాని ఒక్కోటి 220 రూపాయలు. తెచ్చేవాళ్లు లేని వారం నేను మళ్లీ షాపు ప్యాకెట్టే.

అప్పుడు వీధి చివరి బేకరీ అబ్బాయిని అడిగాను. ఒడియా అబ్బాయి, తెలుగు మనలాగే మాట్లాడతాడు, నన్ను మావుసీ (పిన్ని) అంటాడు. "మావుసీ, చినీ (పంచదార) లేకపోతే పొంగదు, రంగు రాదు, రెండో రోజుకి రాయైపోద్ది" అన్నాడు. అతను చెప్పిన మూడింట్లో రెండు నిజమే. పంచదార బ్రెడ్డుకి తీపితో పాటు రంగునీ మెత్తదనాన్నీ ఇస్తుంది, ఈస్టు పనిని తొందర చేస్తుంది. కాని పొంగడానికి అది తప్పనిసరి కాదు. ఈస్టుకి కావలసిన తిండి పిండిలోనే తయారవుతుంది, కాస్త టైము ఇవ్వాలి. ఆ మాట చెప్పి, గోధుమలు మరలో నా ఎదురుగా ఆడించి, నాలుగు కిలోల పిండి తీసుకెళ్లి ఇచ్చాను. పాడైతే డబ్బులు నావని చెప్పాను.

మొదటి విడత ఇటుకల్లా వచ్చింది. తప్పు పంచదారది కాదు, నీళ్లది. మైదాకి పోసినన్నే పోశాడు. మన మర పిండి రాయి కింద బాగా నలిగి, వేడెక్కి వస్తుంది, పొట్టు కూడా ఉంటుంది కనక నీళ్లు ఎక్కువ తాగుతుంది. పైగా ఆ పొట్టు పిండిలోని జిగురుని (గ్లూటెన్‌ని) అక్కడక్కడా కోసేస్తుంది. రెండోసారి కిలోకి 730 మిల్లీలీటర్లు పోసి, కలిపాక అరగంట ఊరికే వదిలేసి, తర్వాత పిసికాడు. చాలా మెరుగు. మూడోసారి ఈస్టు పది గ్రాముల నుంచి మూడుకి తగ్గించి, రాత్రి కలిపి పొద్దున్న కాల్చాడు. అప్పుడు వచ్చిన వాసన నాకింకా గుర్తుంది, పెనం మీంచి తీసిన పుల్కా వాసన. మే నెలలో అదే కొలత దెబ్బతింది. ఉక్కకి పిండి రాత్రే పొంగి జారిపోయి, పుల్లటి కంపు కొట్టింది. అప్పట్నుంచి ఎండాకాలం ఫ్రిజ్ నీళ్లతో కలిపి, ఈస్టు గ్రామున్నరే వేస్తున్నాడు. కిలోకి ఉప్పు 18 గ్రాములు, నూనె రెండు చెంచాలు. కిలో పిండికి 400 గ్రాములకి కొంచెం తక్కువ తూగేవి నాలుగు వస్తాయి. పిండి నాదే, కాల్చినందుకు ఒక్కోదానికి పాతిక రూపాయలు ఇస్తాను.

దీని లోపాలూ చెప్పాలి. షాపు బ్రెడ్డులా నొక్కితే తిరిగి లేవదు. రెండో రోజుకి అంచులు రాలుతాయి, మడిచి శాండ్‌విచ్ చేస్తే విరుగుతుంది. మా అబ్బాయి రెండు నెలలు ముట్టుకోలేదు, ఇప్పుడు పల్లీ చట్నీ పూస్తే తింటాడు. బూజు పట్టకుండా వేసే 282 లాంటిదేమీ ఇందులో లేదు కాబట్టి శ్రావణ భాద్రపదాల్లో బయట పెడితే మూడో రోజుకి పచ్చమచ్చలు వస్తాయి. ఫ్రిజ్ కింది అరలో పెడితే మరీ తొందరగా ఎండిపోతుంది, ఆ తప్పు నేను నెల రోజులు చేశాను. కాల్చిన రోజే చల్లారాక ముక్కలు కోసి, కవరులో కట్టి ఫ్రీజర్లో పెట్టాలి. పొద్దున్న గట్టిగా ఉన్న ముక్కనే నేరుగా పెనం మీద సన్నసెగన మూత పెట్టి వేడిచేస్తే అప్పుడే కాల్చినట్టు ఉంటుంది. రంగు మాత్రం షాపు బ్రెడ్డులా ఎర్రగా తిరగదు. ఎర్రబడాలని చూస్తూ కూర్చుంటే ఎండిపోతుంది. నేను రంగు చూడను, వాసన చూసి తీసేస్తాను.

కడుపు నిండే సంగతిలో మాత్రం దీనికి సాటి లేదు. రెండు ముక్కలు, గుడ్డు తింటే పదకొండు దాకా ఆకలి గుర్తురాదు. ఆదివారాలు పక్కింటి ఒడియా ఆవిడ ఇచ్చే డాల్మాలో (పప్పూ కూరగాయలూ కలిపి వండేది) ముంచుకుని తింటే అన్నం లేదన్న లోటే ఉండదు. బరువు ఇప్పుడు 70 కిలోలు, షుగరు సగటు 5.6. అదంతా బ్రెడ్డు చలవే అనను. రాత్రి అన్నం మానాను, రోజూ నలభై నిమిషాలు నడిచాను. బ్రెడ్డు ఆ దారికి అడ్డం రాలేదు, అంతే.

గోధుమ పడనివాళ్లకి ఇది పనికిరాదు. షుగరు మందులు వాడేవాళ్లు పంచదార లేదు కదా అని నాలుగైదు ముక్కలు తినేయకూడదు, గోధుమ కూడా పిండిపదార్థమే. ఒక్క ఇంటి కోసమే చేయించడం బేకరీ అతనికీ గిట్టదు. మేం ఇప్పుడు ఐదిళ్ల వాళ్లం కలిసి బుధవారం, శనివారం పిండి ఇస్తున్నాం. వచ్చే శనివారం పావు వంతు చోడిపిండి (రాగిపిండి) కలిపి చూద్దామని అబ్బాయి ఉత్సాహపడుతున్నాడు. చోళ్లకి జిగురు ఉండదు, మళ్లీ ఇటుకలు వస్తాయని పదో వంతుకే ఒప్పుకున్నాను.