కేటలాగు నమ్మకమైనదే, అందులోని నెల తప్ప

నేను చందాదారుగా ఉన్న ఒక యూనివర్సిటీ ప్రెస్ (విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ) రాబోయే పుస్తకాల కేటలాగు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, మధ్యలో నెలనెలా సాహిత్య వార్తల లేఖ. 6 ఏళ్లుగా, అంటే 12 కేటలాగుల పాటు, పుస్తకాల కొనుగోలుకు దీన్నే ఆధారం చేసుకున్నాక రాస్తున్నాను. విభాగాలు, పరిచయాలు, ధరలు ఎలా ఇస్తారో వాడేవాళ్లకు తెలిసిందే. నా గొడవంతా పుస్తకం పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ నెలతోనే.

అది అంచనా మాత్రమే, అయినా ఖరారైన తేదీలాగే అచ్చువేస్తారు. అందులోని పుస్తకాలు రావడం మొదలవడానికి నెలల ముందే కేటలాగు తయారవుతుంది. అప్పటికి రాతప్రతి బయటి పండితుల పరిశీలన దాటి, ప్రెస్ మండలి ఆమోదం పొందే ఉంటుంది కాబట్టి ప్రకటించిన పుస్తకం అసలే రాకపోవడం అరుదు. ఆలస్యమంతా ఆ తర్వాతి పనుల్లోనే. పేజీలు ఖరారైతే గాని పదసూచిక పూర్తికాదు, సూచికలో వేయాల్సింది పేజీ నంబర్లే కదా. ఆ పనీ, చివరి ప్రూఫు దిద్దడమూ ఒకే సమయంలో, తరచుగా రచయిత మీదే పడతాయి. ఇక పాత ఫొటోలు, పటాలు, వేరొకరి కవిత్వ పంక్తులు ఉంటే ఒక్కోదానికి హక్కుదారు నుంచి అనుమతి రావాలి. ఒక్క పటానికి జవాబు రాకపోయినా పుస్తకం మొత్తం ఆగిపోతుంది.

ఒక అనువాద గ్రంథం విషయంలో ఇదంతా ఒకేసారి జరిగింది. కేటలాగులో ఏప్రిల్, 320 పేజీలు, హార్డ్‌బౌండ్, ఒకే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు). జనవరిలో ఆర్డరు వెళ్లింది. మార్చి లేఖలో ఏప్రిల్ కాస్తా జూన్ అయింది, పక్కన ఒక్క వివరణ కూడా లేదు. తర్వాతి కేటలాగులో అక్టోబరు. అయితే ఈసారి ఆ పుస్తకం కింద రెండు కూర్పులు కనిపించాయి: మామూలు ధరకు పేపర్‌బ్యాక్, దానికి మూడు రెట్ల ధరకు హార్డ్‌బౌండ్. అంటే పాఠకుల కోసం అనుకున్న గట్టి అట్ట కూర్పును లైబ్రరీల కోసం చేసే చిన్న ముద్రణగా మార్చి, పాఠకులకు పేపర్‌బ్యాక్ కేటాయించారన్నమాట. ఐఎస్‌బీఎన్ కూర్పుకొకటి. అందుకని పాత నంబరు తీసేసి రెండు కొత్తవి ఇచ్చారు. ఆ పాత నంబరు మీదున్న ఆర్డరు 180 రోజులు దాటగానే పంపిణీదారు దగ్గర దానంతటదే రద్దైపోయింది. ఎవరికీ కబురు లేదు.

నవంబరులో పుస్తకం వచ్చింది. ఆ సంగతి తెలిసింది మాత్రం మరుసటి ఏడాది వార్తల లేఖలో, ఒక బహుమతి లాంగ్‌లిస్టులో (తొలి వడపోత జాబితాలో) దాని పేరు చూశాకే. కొత్త నంబరుతో మళ్లీ ఆర్డరు పెట్టేసరికి మొదటి ముద్రణ ప్రతులు అయిపోయాయి, ప్రింట్ ఆన్ డిమాండ్ ప్రతి, అంటే ఆర్డరు వచ్చాక అచ్చువేసి ఇచ్చేది, చేతికొచ్చింది. అక్షరాలకు లోటేమీ లేదు. పటాలే పోయాయి. సన్నని గీతలతో గీసిన నదులు చుక్కలు చుక్కలుగా విడిపోయాయి, బూడిదరంగు నేల మీద ఊళ్ల పేర్లు కలిసిపోయి భూతద్దం పెట్టినా చదవడం కష్టంగా ఉంది. ఆ పుస్తకం సగం విలువ ఆ పటాల్లోనే ఉంది కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

ఐఎస్‌బీఎన్ సరిచూసుకుంటే చాలదా అని అడగొచ్చు. 2007 నుంచి వాడుతున్న 13 అంకెల నంబరులో చివరిది తనిఖీ అంకె. మొదటి 12 అంకెలను వరసగా 1, 3, 1, 3తో గుణించి కూడి, ఆ మొత్తం పైన వచ్చే పది గుణిజానికి ఎంత తక్కువో అది వేస్తారు (మొత్తమే పది గుణిజమైతే 0). కొట్టేటప్పుడు ఒక అంకె తప్పు పడితే పట్టేస్తుంది. కానీ రద్దైన నంబరు కూడా లెక్క ప్రకారం సరైనదే. ఈ రకం పొరపాటుకు అది కాపలా కాయలేదు.

320 అన్న అంకె దగ్గరే అనుమానించాల్సింది. అచ్చుకాగితం మడిస్తే వచ్చే 16 పేజీల కట్టలు, అంటే ఫారాలు, సరిగ్గా 20. కేటలాగులో 288, 304, 320 లాంటివి కనిపిస్తే, పేజీలు ఇంకా కట్టలేదని, ఫారాల లెక్కన అంచనా వేశారని అనుకోవడమే మంచిది. చిత్రాల వరస ఇంకా బాగా పట్టిస్తుంది. "23 చిత్రాలు, 4 పటాలు" అని కచ్చితంగా ఉంటే అనుమతుల పని ఓ కొలిక్కి వచ్చినట్టు, "సుమారు 25 చిత్రాలు" అంటే రానట్టు. ముఖచిత్రం ఉండాల్సిన చోట ప్రెస్ ముద్ర ఒక్కటే ఉంటే ఆ పుస్తకానికి ఇప్పుడే ఆర్డరు పెట్టకపోవడమే నయం. ఏడాది చివర్లో వచ్చే పుస్తకాలకు మరో మెలిక ఉంది: నవంబరులో చేతికొచ్చినదాని లోపల తర్వాతి ఏడాది కాపీరైటు ఉండొచ్చు. వ్యాసాల్లో ఉటంకించేటప్పుడు కేటలాగు చూసి కాకుండా లోపలి పేజీ చూసి సంవత్సరం వేయాలి.

పుస్తక పరిచయాలను చాలాకాలం మెచ్చుకున్నాను, ఇప్పటికీ అతిశయోక్తులు తక్కువే. కాకపోతే అవి రచయిత ముందుగా నింపి ఇచ్చిన పత్రం నుంచి తయారవుతాయి. చివర్లో ఒక అధ్యాయం తీసేసినా పరిచయంలో అలాగే ఉండిపోతుంది. కొనే ముందు విషయసూచిక చూడాల్సిందే. పేపర్‌బ్యాక్‌గా మళ్లీ వచ్చే పుస్తకాల పేజీలు మాత్రం ఎంతో ఇష్టంగా చదువుతాను. హార్డ్‌బౌండ్ వచ్చిన ఏడాది, ఏడాదిన్నరకు వచ్చే ఈ కూర్పుల్లో తప్పులు దిద్ది ఉండొచ్చు, నెల కూడా పెద్దగా జరగదు, ఎందుకంటే పేజీలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. దిద్దారో లేదో ఒక్క ముక్క రాస్తే ఇంకా బాగుండేది. వార్తల లేఖలో బహుమతి గెలిచినవాటినీ లాంగ్‌లిస్టు దాకా వెళ్లినవాటినీ ఒకే సైజు అక్షరాల్లో వేస్తారు. ఎంపికకు దాన్ని ఆధారం చేసుకోలేం.

తీరిగ్గా చదువుకునేవాళ్లకు నాలుగు నెలల ఆలస్యం పెద్ద లెక్క కాకపోవచ్చు. తరగతులు మొదలయ్యేలోగా పుస్తకం బల్ల మీద ఉండాల్సినవాళ్లకు ఈ కేటలాగు ఒక్కటే చాలదు, నా కొనుగోళ్లు ఎక్కువగా ఆ రెండో కోవకే చెందుతాయి, కోపానికి కారణమూ అదే. చందా మాత్రం మానలేదు. పటాలున్న పుస్తకమైతే అచ్చువేసిన నెలకు నాలుగు, లేకపోతే రెండు కలుపుకుంటున్నాను. ఆర్డరులో నంబరుతో పాటు పుస్తకం పేరు, అనువాదకుల పేరు, ఏ కూర్పో రాసి, నంబరు మారితే తెలియజేయమని అడుగుతున్నాను. జవాబు వచ్చినా రాకపోయినా ప్రతి నెల మొదటి వారంలో ఆ నంబరు ఇంకా బతికే ఉందో లేదో ప్రెస్ జాబితాలో చూసుకుంటున్నాను.