ఆ శాలువా కిట్ కొనకండి, అందులో ఊలు చాలదు

రెండు చిలపలతో (ఊలు కట్టలతో) ఆ శాలువా రాదు. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి మిగతాది తర్వాత రాస్తాను, ఎందుకంటే ఈ పూట కూడా ఎవరో ఒకరు ఆ కిట్‌కు డబ్బు కడుతూనే ఉంటారు. సముద్రపు రంగు త్రికోణపు శాలువా, క్రోషియా పని, రెండు చిలపల ఊలు, ఎలా అల్లాలో చెప్పే ఒక ప్యాటర్న్ కాగితం, వెల 2,600 రూపాయలు. కంపెనీ పేరు రాయను. చేత్తో రంగు వేసిన మెరినో ఊలు కొనేవాళ్ళు ఆ ఫోటో చూసే ఉంటారు: మెట్ల మీద కూర్చున్న అమ్మాయి, భుజాల మీంచి నిండుగా జారిన శాలువా. అది అల్లింది నేను. దానికి 281 గ్రాముల ఊలు పట్టింది. కిట్‌లో ఇస్తున్నది 200 గ్రాములు.

నేను మూడేళ్ళుగా వాళ్ళ దగ్గరే కొంటున్నాను. జులైలో, టొరంటోలో ఉన్న మా చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం దుప్పటి అల్లుదామని, ఒకే లాట్ నంబరు ఉన్న, అంటే ఒకే గిన్నెలో రంగు వేసిన, ఎనిమిది చిలపలు తీసుకున్నాను. ఆగస్టులో యజమానురాలే ఫోను చేసింది. "అక్కా, మీ కుట్టు ఎంత సమంగా ఉంటుందో! కొత్త ప్యాటర్న్‌కు శాంపిల్ అల్లిపెడతారా?" ఊలు వాళ్ళది, కూలి 3,500 రూపాయలు, ఫోటోలు తీయడం అయ్యాక శాలువా నాకే. కాగితం లేదు, సంతకం లేదు, అన్నీ ఫోనులో మాటలే. పొగిడేసరికి పొంగిపోయాను. బిడ్డ దుప్పటి పక్కన పెట్టి వాళ్ళ పని మొదలుపెట్టాను. ఆ రోజు "ముందు మా చెల్లెలి పని అయ్యాక చూద్దాం" అని ఉండాల్సింది. అనలేదు. తప్పు నాదే.

నా కుట్టు ప్యాటర్న్ కొలతకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి, వాళ్ళు చెప్పినట్టే 4 మిల్లీమీటర్ల సూదితో ముందుగా చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలిచాను. 10 సెంటీమీటర్ల చదరంలో 16 కుట్లు, 8 వరసలు. ప్యాటర్న్‌లో ఉన్నది సరిగ్గా అంతే. ముక్క మీద స్కేలు పెట్టి ఫోటో తీసి పంపాను. "పర్ఫెక్ట్ అక్కా" అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

అసలు ప్యాటర్న్ 60 వరసలు. అంతవరకూ అల్లి తూచాను, 195 గ్రాములు. అంటే రెండు చిలపల్లో ఐదు గ్రాములు మిగిలాయి. అప్పుడు ఫోను వచ్చింది: "ఫోటోలో నిండుగా పడటం లేదు అక్కా, ఇంకో పన్నెండు వరసలు పెంచండి." పన్నెండు వరసలే కదా అనిపిస్తుంది. కానీ ఈ శాలువా మెడ దగ్గర గుప్పెడు కుట్లతో మొదలై వరస వరసకూ వెడల్పవుతుంది. మొదటి వరసకు పట్టే దారం జానెడైతే, చివరి వరసకు పట్టేది కొన్ని మీటర్లు. ఆ చివరి 12 వరసలే 86 గ్రాములు మింగాయి. వెంటనే ఊలు పంపడం కుదరదన్నారు. "మీ దుప్పటి చిలపల్లో ఒకటి వాడండి అక్కా, అదే లాట్‌ది పక్కన పెట్టాను, పది రోజుల్లో పంపిస్తాను." వాడాను. నా చిలపలో మిగిలింది 19 గ్రాములు.

శాలువా పంపేటప్పుడు తూకం ఫోటోలన్నీ పెట్టి స్పష్టంగా రాశాను, "72 వరసలే ఉంచేట్టయితే కిట్‌లో మూడు చిలపలు పెట్టండి" అని. "అలాగే అక్కా" అన్నారు.

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో ఒక చేతిపనుల ప్రదర్శనలో వాళ్ళ దుకాణం ఉందని తెలిసి, కూలి డబ్బు అడుగుదామని, శాలువా తెచ్చుకుందామని వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. శాలువా ఒక బొమ్మ భుజాల మీద ఉంది. దాని కింద బుట్ట నిండా కిట్లు. నేను ఒకటి తీసి చూశాను. ప్యాటర్న్‌లో 72 వరసలు. సంచిలో రెండు చిలపలు. పక్కనే పసుపు రంగు కుర్తా వేసుకున్న ఒక అమ్మాయి, కాలేజీ దాటి ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది, శాలువా అంచు వేళ్ళతో పట్టుకుని చూస్తోంది. "ఇంత పెద్దది రెండు చిలపల్లోనే వస్తుందా అండీ?" అని అడిగింది. ఎంత సరైన ప్రశ్న!

"వస్తుందమ్మా. ఇదిగో, ఇది రెండింటితో అల్లిందే."

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ శాలువా చివరి పన్నెండు వరసల్లో ఉన్నది నా చెల్లెలి బిడ్డ ఊలు. ఊరుకోలేక, "రాదమ్మా, మూడు కావాలి. అది అల్లింది నేనే" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. యజమానురాలు నా వైపు చూడనే లేదు. ఆ అమ్మాయితోనే నవ్వుతూ చెప్పింది: "ఈవిడ చెయ్యి కాస్త వదులు, కుట్లు పెద్దవి పడతాయి. అందుకే ఎక్కువ పట్టింది. మీరు కొలత ప్రకారం అల్లితే ఇంకా మిగులుతుంది."

ఈవిడ. మూడు నెలల పాటు పొద్దున్నా రాత్రీ అక్కా అక్కా అని పిలిచిన మనిషికి, పదిమందిలో నేను ఈవిడనైపోయాను. నా చెయ్యి వదులైపోయింది.

నా సంచిలో టేపు ఉంది. ఎప్పుడూ ఉంటుంది. తీసి ఆ శాలువా మీద పరిచి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో అక్కడే లెక్కపెట్టమని ఉంటే ఎవరి మాట నిజమో తేలిపోయేది. తీయలేదు. ముఖం మీద కొట్టినట్టయి గొంతు పెగల్లేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి ఒకసారి నా వైపు, ఒకసారి శాలువా వైపు చూసి, డబ్బు కట్టి కిట్ తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేనిది 3,500 రూపాయల కోసం కాదు, ఈ ఒక్కదాని కోసం.

తర్వాత కూలి అడిగితే, "ఊలు ఇచ్చాం కదా, మీరు ఎలాగూ ఖాళీ సమయంలో చేసుకునే పనే కదా" అంది. శాలువా అడిగితే అమ్ముడైపోయిందట. కొన్నవాళ్ళు ప్రదర్శన ముగిశాక వచ్చి తీసుకెళ్తారట.

ఆటోలో వస్తూ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మమ్మ గురించి చెప్పింది. అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లె, పెళ్ళయిన దగ్గర్నుంచీ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చి లేసు పట్టుకెళ్ళేవాడు. కూలి కోయాలనుకున్నప్పుడల్లా, "నీ చెయ్యి వదులమ్మా, దారం ఎక్కువ పోయింది" అనేవాడట. ఇదే మాట! ఆ తర్వాత అమ్మమ్మ, దారం ఇచ్చిన రోజునే ఏజెంటు ఎదురుగా తూచి, గోడ మీద బొగ్గుతో రాసి పెట్టేదట. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అమ్మ ఆ వార్త కత్తిరించి బీరువాలో దాచింది. ఆ ఇంట్లో పుట్టిన దాన్ని, ఏమీ రాయించుకోకుండా పని ఒప్పుకున్నాను.

ఇక దుప్పటి సంగతి. పది రోజుల్లో పంపుతానన్న చిలప అక్టోబర్ చివర్లో వచ్చింది, లాట్ నంబరు వేరు. చేత్తో రంగు వేసే ఊలును ఒక్కో గిన్నెకు కొన్ని చిలపల చొప్పున ఉడికిస్తారు. రంగు పేరు అదే అయినా గిన్నె మారితే ఛాయ మారుతుంది. ట్యూబులైటు కింద తేడా తెలియలేదు. పొద్దున బాల్కనీలో పరిచి చూస్తే దుప్పటికి అడ్డంగా పచ్చటి పట్టీ. మొత్తం సగం దాకా విప్పి, పాత చిలప నుంచి రెండు వరసలు, కొత్త దాని నుంచి రెండు వరసలు మార్చి మార్చి మళ్ళీ అల్లుతున్నాను. అమ్మ పురుడు పోయడానికి డిసెంబర్ 5న బయలుదేరుతుంది. ఇంకా జానెడు మిగిలే ఉంది. రాత్రి ఒంటిగంట దాకా అల్లుతున్నాను.

ఆ కిట్ కొన్నవాళ్ళకు కూడా జరగబోయేది ఇదే. 60వ వరస దాటగానే ఊలు అయిపోతుంది. ఇంకో 1,300 రూపాయలు పెట్టి మూడో చిలప కొంటారు, అది వేరే లాట్‌ది వస్తుంది, శాలువా అంచు ఒక్కటే వేరే రంగులో నిలబడుతుంది. అప్పుడు ఫోను చేస్తే మీ చెయ్యి వదులని చెబుతారు.

కొనేముందు ఏ కిట్‌కైనా మొత్తం ఎన్ని గ్రాములు పడుతుందో, ఎన్ని మీటర్లో రాతలో అడగండి. చిలపల లేబుళ్ళు పారేయకండి. శాంపిల్ పని ఎవరైనా అడిగితే కూలి, గడువు, వస్తువు ఎవరిదవుతుందో మూడూ రాయించుకుని, సగం డబ్బు ముందే తీసుకోండి. మీ సొంత ఊలు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి.

పసుపు కుర్తా వేసుకున్న అమ్మాయీ, ఇది నీ కంట పడితే విను. మూడో చిలప కొనకు. 54 వరసలు అల్లి ఆగు. ఆ డిజైను రెండేసి వరసలకు తిరిగి వస్తుంది కాబట్టి అక్కడ ఆపినా చెదరదు. ప్యాటర్న్ చివరి నాలుగు వరసల అంచును అక్కడి నుంచే వేసెయ్యి. పూర్తయ్యేసరికి నీ దగ్గర దాదాపు 18 గ్రాములు మిగులుతుంది. శాలువా ఫోటోలో ఉన్నంత పెద్దది కాదు, కానీ భుజాలకు చక్కగా సరిపోతుంది, అంచు కూడా ఒకే రంగులో ఉంటుంది. నేను 60 వరసలప్పుడు వేసుకుని చూశాను.